మూత రాని డబ్బా

మా ఇంట్లో రెండు యంత్రాలున్నాయి. ఒకటి మా అత్తగారిది, రెండోది నాది. ఆవిడది 1968లో కొన్న ఉషా కుట్టుమిషను. ఇప్పటికీ గడగడలాడుతూ పనిచేస్తోంది. నాది 2021లో వచ్చిన లాప్‌టాపు. పోయి ఎనిమిది నెలలయింది. ఏడుపులూ, ఓదార్పులూ అన్నీ అయిపోయాయి గనక కాస్త నిబ్బరంగా కూచుని దాని సంగతి రాయగలుగుతున్నాను.

ఆడవాళ్ళకి మరమ్మతులు చేతకావని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కుక్కరు మూత పక్కనించి ఆవిరి బుస్సుమంటే గాస్కెట్టు సాగిందని మనకి తెలుసు. దాన్నో రాత్రి ఫ్రీజరులో పడేసి మరో నెల లాగించడమూ తెలుసు. మిక్సీ గుయ్యిమని తిరుగుతూ లోపల పచ్చడి మాత్రం కదలకుండా కూచుంటే కింద కప్లరు అరిగిందని తెలుసు. స్టౌ బర్నరు కన్నాలు పిన్నీసుతో పొడవని ఇల్లాలు ఈ దేశంలో ఉందంటారా? చీర ఫాలు ఊడితే ఫాలే కుట్టుకుంటాం గానీ చీర అవతల పారెయ్యం కదా! ఇలా బతికేవాళ్ళని పట్టుకొచ్చి లాప్‌టాపు ముందు కూచోబెట్టారండీ. అదీ వచ్చిన చిక్కు.

నా మొదటి లాప్‌టాపుతో ఈ గొడవ లేదు. 2011లో నా తొలి నవలకొచ్చిన పారితోషికానికి శ్రీవారి బోనసు కొంత కలిపి కొన్నాం. ఇటికరాయిలా ఉండేది. రెండున్నర కిలోలు! ఒళ్ళో పెట్టుకుంటే పసిపిల్లని ఎత్తుకున్నట్టే, కాళ్ళు తిమ్మిరెక్కేవి. కానీ మహాతల్లి, బోర్లా తిప్పితే అడుగున బుల్లి బుల్లి తలుపులుండేవి. రెండు గడియలు పక్కకి జరిపితే బాటరీ ఊడి చేతిలోకి వచ్చేది. ఒక తలుపు కింద మెమొరీ, ఇంకో తలుపు కింద హార్డ్ డిస్కు. సీతాఫలం ఒలిచినంత సుళువు.

ఓసారి అందులో ‘మ’ అక్షరం పడే మీట పనిచెయ్యడం మానేసింది. ‘మ’ లేకుండా నేను నవలెలా రాయను? మొగుడు, మామగారు, మమత, మరణం... ఒక్క దెబ్బకి అన్నీ పోయాయి. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరుకి పట్టుకెళ్ళాను. చూశారో లేదో గానీ, మెట్ల కింద కూడా కంప్యూటరు దుకాణాలుండే చోటది. అక్కడ ఒక కుర్రాడు నాలుగు క్లిప్పులు నొక్కి పాత కీబోర్డు ఊడదీసి, కొత్తది పెట్టి, పావుగంటలో తొమ్మిది వందలు తీసుకుని నమస్కారం పెట్టాడు. పాతది కూడా కవరులో పెట్టి చేతికిచ్చాడు. ఆ ఇటికరాయి పదేళ్ళు బతికింది.

2021 డిసెంబరులో డాలస్ నించి మా తమ్ముడు వచ్చాడు. “అక్కా, ఇంకా ఆ రుబ్బురోలు మీదే రాస్తున్నావా!” అని ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. తీసి చూస్తే ఏముంది, మినపప్పడమంత సన్నం! వాడి ప్రేమకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బోర్లా తిప్పి చూశాను. తలుపుల్లేవు. నున్నగా ఉంది. తలుపుల్లేని ఇల్లు చూసి అనుమానపడాల్సింది, అందం చూసి మురిసిపోయాను. పెళ్ళిచూపుల్లో మగవాళ్ళు చేసే పొరపాటే నేనూ చేశాను.

ఈ సన్నదనం పిచ్చి ఎప్పుడు మొదలైందో తెలుసా? 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మహాశయుడు వేదికెక్కి, ఆఫీసు కాయితాలు పెట్టుకునే కవరులోంచి లాప్‌టాపు తీసి లోకానికి చూపించాడు. చప్పట్లు మారుమోగాయి. అప్పణ్ణించీ కంపెనీలన్నీ ‘మాది సన్నం, మాది ఇంకా సన్నం’ అని పోటీలు పడ్డాయి. ఆడపిల్లల్ని తిండి మానిపించి సన్నబెట్టింది చాలక యంత్రాల మీద కూడా పడ్డారన్నమాట. సన్నబడాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి కదా, అడుగున తలుపులు తీసేశారు. గడియలు పెట్టే బాటరీకి జిగురు పూశారు. ఊడివచ్చే మెమొరీని బోర్డుకే టంకం పెట్టి అతికేశారు.

ఆ కంపెనీయే 2015లో మరీ పల్చటి మీటలున్న కీబోర్డు తెచ్చింది. వాటి కింద ఇంత నలుసు దూరితే చాలు, అక్షరం పడదు, లేదా ఒకటికి రెండు పడతాయి. జనం కోర్టుకెక్కితే 2022లో అమెరికాలో 5 కోట్ల డాలర్లకి రాజీ కుదుర్చుకున్నారు. నలుసు విలువ చూడండి! మా ఇంట్లో అందరం జంతికలు తింటూనే టైపు కొడతాం. అది మాకెవరూ ఇవ్వకపోవడం మా అదృష్టం.

నాకొచ్చింది వేరే కంపెనీది. పేరెందుకు లెండి. దాని జబ్బు వేరు. మూత తెరిచినప్పుడల్లా ఎడమ మూల కిర్రుమనేది. 2023 శ్రావణమాసంలో ఒకనాటి పొద్దున్న మూత ఎత్తగానే ఫటేల్మంది. మూల విచ్చుకుని, లోపల ఇనపముక్క ఒకటి పళ్ళికిలించింది. మడతబందు ఊడిందన్నమాట.

“దీనికంత గాభరా ఎందుకోయ్” అంటూ శ్రీవారు ఆదివారం పూట రంగంలోకి దిగారు. టెస్టరు, కటింగ్ ప్లేయరు, పాత కళ్ళజోడు సిద్ధం చేసుకున్నారు. చాప పరిచారు. తొమ్మిది మరలు తీసి ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టారు. ఆ తెలివికి మాత్రం మెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ తొమ్మిదీ ఒక సైజువి కావు. పొడుగు మర పొట్టి కన్నంలో బిగిస్తే లోపలున్న బోర్డుకి గుచ్చుకుంటుందట. మరలన్నీ తీసినా అడుగు రేకు రాలేదు. కాలం చెల్లిన ఏటీఎం కార్డు సందులో దూర్చి కొబ్బరికాయ పీచు తీసినట్టు ఒక పక్కంతా పెకిలించుకుంటూ వచ్చారు. ఇంకో పక్క రాదు. లాగారు. టిక్కుమని ఏదో విరిగింది. ఆ తర్వాత తెలిసింది ఏమిటంటే, వెనకాల రబ్బరు కాళ్ళున్నాయే, వాటిని గోటితో పీకితే కింద మరో రెండు మరలు దాక్కుని ఉన్నాయి! దొంగలు దాచుకున్నట్టు మరలు దాచుకోవడమేమిటండీ? ఎవరినించి?

అంతసేపూ కుర్చీలో కూచుని వత్తులు చేసుకుంటూ చూస్తున్న మా అత్తగారు, “మూత రాని డబ్బా ఏం చేసుకోనే అమ్మాయ్?” అన్నారు. శ్రీవారు మాట్లాడకుండా లేచి స్నానానికి వెళ్ళిపోయారు.

సర్వీసు సెంటరుకి వెళ్ళాం. ఏసీ హాలు, టోకెన్లు, మెత్తటి కుర్చీలు. ముద్దుగా ఉన్న అమ్మాయొకతె చూసి, “పైభాగం మొత్తం మార్చాలి మేమ్, ఇరవై ఒక్క వేలు” అంది. మూల విరిగితే పైభాగమంతా ఎందుకమ్మా అంటే, మడతబందు బిగించేది ఆ పైభాగానికేనట. కీబోర్డు కూడా దానికే ప్లాస్టిక్కు రివెట్లతో కరిగించి అతికి ఉంటుందట. అంచేత కీబోర్డూ కొత్తదే. అమెరికాలో కొన్నది గనక గారంటీ ఇక్కడ చెల్లదట. జాకెట్టు హుక్కు ఊడిందని వెళ్తే చీర, జాకెట్టు, లంగా మూడూ కొత్తవి కొనుక్కోమన్నట్టుంది.

మళ్ళీ చెనాయ్ ట్రేడ్ సెంటరే గతి అయింది. నా ‘మ’ని బతికించిన కుర్రాడు ఇప్పుడు సొంత దుకాణం పెట్టుకున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి వేశాడు. అయిదు నిమిషాల్లో దాన్ని విప్పి నాకు లోపల చూపించాడు. మడతబందు ఉక్కుది, మహా బిగువు. దాన్ని పట్టి ఉంచేవి పెసరగింజంత ఇత్తడి నట్లు, ఆ నట్లు కూచున్నది పల్చటి ప్లాస్టిక్కు దిమ్మెల్లో. మూత ఎత్తినప్పుడల్లా ఉక్కు గుంజుతుంది, ప్లాస్టిక్కు ఓర్చుకుంటుంది. ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది చెప్పండి? మనకి తెలియని కథా!

“జెర మందం ప్లాస్టిక్ పెడితే ఏం కాకపోవు అక్కా. ఇది ఇప్పేటందుకు చేసింది కాదు, అతికేటందుకు చేసింది” అన్నాడు. ఏదో జిగురు ముద్ద పెట్టి, నట్లు మళ్ళీ కూచోబెట్టి, పన్నెండు వందలు తీసుకున్నాడు. “మూత నడిమిట్ల పట్టుకోని లేపు, మూలకు పట్టుకోకు” అని జాగ్రత్త చెప్పి పంపాడు. ఏడాదిన్నర పాటు కొత్తకోడలి మేలిముసుగు తీసినంత సున్నితంగా తీశాను దాని మూత.

ఇక్కడిదాకా నవ్వుకునే కథే. ఆపైన జరిగింది వేరు.

ఈ ఏడాది, అంటే 2025 మొదట్లో చార్జరు గుచ్చే బొక్క వదులైంది. తీగె ఒక వాటంలో పెడితేనే చార్జి ఎక్కేది. కింద ఆవకాయ సీసా మూత ఆనించి, పైన రబ్బరుబ్యాండు చుట్టి నెట్టుకొచ్చాను. నా ఇటికరాయికి ఆ బొక్క వేరే చిన్న తీగె చివర ఉండేది. పోతే తీగె మార్చుకోవడమే. దీనికి తల్లిబోర్డుకే అతికించి ఉంది. మార్చిలో ఒకరాత్రి పదిన్నరకి, పదిహేడో ప్రకరణం రాస్తుండగా, చిన్న కాలిన వాసన వచ్చి తెర నల్లబడింది. మళ్ళీ వెలగలేదు.

సర్వీసు సెంటరు వాళ్ళు బోర్డు మార్చాలన్నారు. నలభై ఎనిమిది వేలు. “లోపల నేను రాసినవి?” అన్నాను. “డేటా పోతుంది మేమ్” అంది ఆ ముద్దుగా ఉన్న అమ్మాయే. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు చెప్తుందో పాపం, కళ్ళెత్తకుండా చెప్పింది.

చెనాయ్ ట్రేడ్ సెంటరు అబ్బాయి మూడు రోజులు భూతద్దాల మిషను కింద పెట్టుకుని కూచున్నాడు. కాలిన ముక్క ఒకటి పీకి ఇంకోటి అతికించాడు. లేవలేదు. మూడోరోజు నన్ను కూచోబెట్టి చెప్పాడు. “పాతదయితే డిస్కు ఇప్పి వేరేదాంట్ల పెడుతుంటిమి అక్కా, పది నిమిషాల పని. ఇండ్ల చిప్పులు బోర్డుకే అతికిచ్చిన్రు. మీదికెళ్లి తాళం. తాళంచెవి గూడ గా బోర్డులనే ఉంటది. బోర్డు పాయె, చెవి పాయె.” ఎంతివ్వమంటావు అంటే చెయ్యి అడ్డం పెట్టాడు. బలవంతంగా ఇవ్వబోతే, “కానిపనికి పైసలెట్ల తీస్కుంట?” అన్నాడు.

“క్లౌడులో పెట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పానమ్మా” అని మా అమ్మాయి దెబ్బలాడింది. అది ఇంజనీరింగు మూడో సంవత్సరం. నిజమే, చెప్పింది. నాదే తప్పు. తొమ్మిది ప్రకరణాల దాకా పెన్‌డ్రైవులో ఉన్నాయి. పది నించి పదిహేడు దాకా పోయాయి.

నన్ను ఊరుకోబెట్టడానికో ఏమో, ఆ తర్వాత అదే కూచుని ఎక్కడెక్కడివో చదివి వినిపించింది. ఫ్రాన్సులో 2021 నించీ లాప్‌టాపు అమ్మేటప్పుడు అది ఎంత సుళువుగా బాగవుతుందో పదికి మార్కులు వేసి చీటీ అంటించాలట. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నించీ ఇలాంటి సామాన్లలో బాటరీ కొనుక్కున్నవాళ్ళే ఊడదీసుకునేలా ఉండాలని చట్టం చేశారట. మన ప్రభుత్వం కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, డిసెంబరులో పోర్టలు ఒకటి తెరిచింది. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021లో ఒక లాప్‌టాపు తెచ్చింది. అన్ని భాగాలూ ఊడి వస్తాయి, పెట్టెలోనే స్క్రూడ్రైవరు కూడా వేసి ఇస్తారు. పోనీ అదేమన్నా ఇటికరాయా అంటే కాదు, పదహారు మిల్లీమీటర్ల మందమే. అంటే చెయ్యలేక కాదన్నమాట!

“మెమొరీ దగ్గరగా అతికిస్తే వేగం ఎక్కువమ్మా, కరెంటు కూడా ఆదా” అని అమ్మాయి న్యాయం చెప్పబోయింది. సరే, ఒప్పుకున్నాను. మరి చార్జరు గుచ్చే బొక్క అతికిస్తే ఏమిటే వేగం? దానికి జవాబు లేదు.

ఇంతకీ పోయిన ప్రకరణాల్లో ఏముందో చెప్పలేదు కదూ. నేను రాస్తున్నది 1986 గోదావరి వరదల మీద. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు ఎక్కింది నీరు. కోనసీమలో గట్లు తెగాయి. నేను అప్పటికి చంటిపిల్లని, అదీ హైదరాబాదులో. నాకేం తెలుసు? అదంతా మా అత్తగారిది. వాళ్ళది లంక ఊరు. రెండేళ్ళ పాటు సాయంత్రాలు దీపం పెట్టాక ఆవిడ చెబుతుంటే, ఆ మాటల్ని ఆవిడ యాసతో సహా టైపు కొట్టుకున్నాను. నోటుబుక్కులో రాయలేదు. లాప్‌టాపు ఉండగా ఎవరు రాస్తారండీ!

గట్టు తెగుతుందని కేకలు వినబడేసరికి రాత్రి అయిందట. మామగారు ఇసకబస్తాలు వెయ్యడానికి వెళ్ళారు. అత్తగారు పిల్లల్ని డాబా ఉన్న పక్కింటికి పంపేసి, బియ్యం అటకెక్కించి, అప్పుడు మిషను దగ్గరికొచ్చారు. బల్లతో సహా మొయ్యడం మగవాళ్ళ తరం కూడా కాదు. ఆవిడ బెల్టు తప్పించి, మిషను తలకాయ వెనక్కి వాల్చారు. నూనె పొయ్యడానికి ఎప్పుడూ వాల్చేదే. మిషనుకీ ఉన్నాయి లెండి రెండు మడతబందులు. వాటి దగ్గర రెండు మరలుంటాయి. రెండూ వదులు చేసి, తలకాయ ఎత్తి, పాత చీరలో మూటకట్టి అటక మీద పెట్టేశారు. అయిదో రోజున నీళ్ళు తీశాక చూస్తే బల్ల, తొక్కుడు చట్రం బురదలో ఉన్నాయి. కిరసనాయిలు పోసి తోమి, తలకాయ దింపి, ఆ రెండు మరలూ బిగించారు. ఆ నెలంతా వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టారట, గుడ్డ ఎవరు తెస్తే వాళ్ళకి. బల్ల ఒక పక్క ఇప్పటికీ ఉబ్బే ఉంటుంది, మీరొస్తే చూపిస్తాను.

“పోతే పోయిందే అమ్మాయ్, మళ్ళీ చెబుతాను. నాకు మాత్రం పనేముంది?” అన్నారు అత్తగారు. ఏప్రిల్ నించి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి లాంగ్ నోటుబుక్కు, పెన్ను. తర్వాత అమ్మాయి తన లాప్‌టాపులో ఎక్కించి, ఆ క్లౌడులోనూ పెడుతోంది.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందట చెప్పినట్టు ఇప్పుడు చెప్పడం లేదు. కొన్ని ఎక్కువ చెబుతున్నారు, అది బాగానే ఉంది. మామగారితో దెబ్బలాట ఒకటి మొదటిసారి నా దగ్గర దాచారు, ఇప్పుడు పూసగుచ్చినట్టు చెప్పి పకపకా నవ్వారు. కానీ కొన్ని జారిపోతున్నాయి. ఆ రాత్రి మరలు తీస్తుంటే లాంతరు పట్టుకున్న పిల్ల ఒకతె ఉంది. ఎదురింటికి కొత్తగా కాపరానికొచ్చిన కోడలు, పదిహేడేళ్ళుంటాయేమో. కాళ్ళకింద నీళ్ళు వస్తుంటే ఆ పిల్ల ఏదో అందట. ఆ మాటకి అత్తగారు అంత భయంలోనూ నవ్వాపుకోలేక మర చేతిలోంచి జారవిడిచి, నీళ్ళలో తడుముకుని వెతుక్కున్నారు. మొదటిసారి ఆ పిల్ల పేరూ చెప్పారు, అన్న మాటా చెప్పారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే టైపు కొట్టాను. పన్నెండో ప్రకరణం మొదలు దానితోనే.

ఇప్పుడు ఆవిడకి నవ్విన సంగతి గుర్తుంది గానీ, మాట గుర్తులేదు. పేరూ గుర్తులేదు. నాకూ గుర్తులేదు.

మొన్న రాత్రి వంటిల్లు సర్దుకుంటుంటే గదిలోంచి పిలిచారు. “ఏమే, ఆ లాంతరు పిల్ల పేరు నీకు నేను చెప్పానా?”

“చెప్పారత్తయ్యా.”

“ఏవిటే అదీ?”

చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడిపోయాను. శ్రీవారు రాజమండ్రికి టిక్కెట్లు చూస్తున్నారు. సంక్రాంతికి ఊరు వెళ్ళి ఆ వీధిలో ఎవరన్నా మిగిలి ఉంటే అడగాలి. నోటుబుక్కులో ఆ పేరు దగ్గర గీత గీసి, ఖాళీ వదిలి, తర్వాత వాక్యం రాసుకుంటూ పోతున్నాను.